గ్రీజు ఎక్కడికి పోయింది?

మొన్న మా సమావేశానికి వచ్చిన ఒక కాలేజీ కుర్రాడు నన్ను ఇరుకున పెట్టాడు. "సార్, మూఢనమ్మకాల వల్ల నష్టపోయినవాళ్ళ గురించి గంటసేపు చెప్పారు. హేతువాది వల్ల నష్టపోయినవాళ్ళు ఒక్కరూ లేరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అలాంటి మనిషి ఒకాయన నాకు తెలుసు. ఆ హేతువాదిని నేనే. కుర్రాడికి అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా వేలెడంత కూడా లేని ఒక ఇనుప ముక్క గురించి. కాస్త ఓపిక పట్టండి.

1993 నుంచి పద్దెనిమిదేళ్ళు ఢిల్లీలో మునిర్కాలో ఉన్నాను. డి.డి.ఎ. ఫ్లాట్లలో అద్దె ఇల్లు. మెట్రో స్టేషను అక్కడికి 2018లో గానీ రాలేదు కాబట్టి మా రోజుల్లో అన్నిటికీ ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సే గతి. ఫ్లాట్ల పక్కనే పాత మునిర్కా గ్రామం. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడాల్సిన సందులు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు గదులు. ఆ గదుల్లో చదువుకునే పిల్లలూ, కూలిపని చేసుకునేవాళ్ళూ ఉండేవారు. నేను పనిచేసిన సంస్థ అక్కడికి దగ్గరలోనే. పేరు అనవసరం. భవనాల చుట్టూ ఎకరాలకొద్దీ పచ్చిక. నా ఉద్యోగం మెయింటెనెన్స్ విభాగంలో. సామాన్లు కొనడం, రిజిస్టర్లు చూడడం, యంత్రాలు చెడిపోతే బాగుచేయించడం.

ఆ పచ్చిక కోయడానికి మాకొక లాన్ ట్రాక్టరు ఉండేది. పొలం దున్నే ట్రాక్టరు కాదు. చిన్నది. మనిషి పైన కూర్చుని నడుపుతుంటే పొట్టకింద తిరిగే బ్లేడ్లు గడ్డి కోస్తాయి. అమెరికా నుంచి వచ్చిన మిషను. దాన్ని నడిపేది శ్రీకాకుళం జిల్లా ఆయన. కాంట్రాక్టరు కింద రోజుకూలీ. నలభై ఏళ్ళుంటాయి. మునిర్కా గ్రామంలో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. తెలుగు మాట వినపడితే చాలు, పని లేకపోయినా నా గదికి వచ్చి రెండు నిమిషాలు నిలబడి వెళ్ళేవాడు.

2008 సెప్టెంబరు 13న ఆయన తండ్రి ఊళ్ళో చనిపోయాడు. విశాఖ దాకా రైల్లో ఒకటిన్నర రోజు, అక్కడి నుంచి ఊరికి మరో పూట. వెళ్ళేసరికి దహనం అయిపోతుంది. వెళితే ఆ రోజుల కూలి పోతుంది, తిరిగొచ్చేసరికి పని ఉంటుందో లేదో తెలియదు. వెళ్ళలేదు. మూడోరోజు పనిలోకి వచ్చేశాడు. 17వ తేదీ బుధవారం విశ్వకర్మ పూజ. ఉత్తరాదిన వర్క్‌షాపులన్నిటిలో ఆ రోజు యంత్రాలకి బొట్లు పెట్టి, దండలు వేసి, పని ఆపేస్తారు. మన దసరా ఆయుధపూజ లాంటిదే. ఆయన మైలలో ఉన్నాడు కాబట్టి పూజ దగ్గరికి రాకుండా దూరంగా చెట్టుకింద కూర్చున్నాడు. మర్నాడు మాత్రం మిషను ఎక్కక తప్పలేదు. గడ్డి ఆగదు కదా.

23వ తేదీ మంగళవారం, వాన వెలిసిన పొద్దున్న, ట్రాక్టరు వాలు మీద మలుపు తిరుగుతుండగా ఎడమ ముందు చక్రం బిగుసుకుపోయింది. స్టీరింగు తిరిగి రాలేదు. మిషను నేరుగా కాలవలోకి దిగింది. ఆయన పక్కకి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. బ్లేడ్లు ఆగిపోయాయి కాబట్టి అంతటితో పోయింది.

సాయంత్రానికి వర్క్‌షాపు అంతా ఒకటే మాట. మైలమనిషి పూజచేసిన మిషను ముట్టుకున్నాడు, విశ్వకర్మకి కోపం వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. "తండ్రి పోయిన మనిషి మీద ఇదా మీ న్యాయం?" అని హిందీలో గట్టిగా కేకలేశాను. "చక్రం బిగుసుకుపోవడానికి దేవుడి కోపం అక్కర్లేదు. గ్రీజు లేకపోతే చాలు. వారం వారం గ్రీజు కొట్టాలి. కొట్టకుండా రిజిస్టర్లో టిక్కులు పెట్టి ఉంటాడు, అంతే!" అన్నాను.

అంతే అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు నాకు కలిగిన తృప్తి నాకింకా గుర్తుంది. మూఢనమ్మకాన్ని చీల్చి చెండాడి, ఒక భౌతిక కారణం చూపించాను కదా మరి.

మర్నాడు పై అధికారి పిలిచాడు. చక్రం విప్పి చూడకముందే నన్ను కారణం రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. "గ్రీజు వేయకపోవడం వల్ల స్పిండిల్ బిగుసుకుపోయింది." మధ్యాహ్నానికి కాంట్రాక్టరుకి కబురు వెళ్ళింది. నిర్లక్ష్యం చేసిన డ్రైవరు మాకొద్దు, వైద్యం ఖర్చులకి మాకు సంబంధం లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మైల అనే కారణంతో ఆయన్ని ఎవరూ తీసేయలేరు. ఏ ఫైల్లోనూ దాన్ని రాయలేరు. గ్రీజు అనే కారణాన్ని మాత్రం శుభ్రంగా రాసుకోవచ్చు. వర్క్‌షాపువాళ్ళ మూఢనమ్మకం ఆయన మనసు కష్టపెట్టింది. నా శాస్త్రీయ వివరణ ఆయన కూడు తీసేసింది.

శుక్రవారం చేతికి ప్లాస్టరుతో నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాబూ, నాను కొట్టినాను. పెతి సోమారం కొట్టినాను. బయటికి వచ్చీదాకా కొట్టమన్నారు గదా మీరు. వచ్చీది. అప్పుడే ఆపీవోణ్ణి."

"వస్తే బిగుసుకుపోదు కదయ్యా" అన్నాను.

"రండి, చూపిస్తాను" అన్నాడు.

వెళ్ళాం. మిషను షెడ్డులో పడేసి ఉంది. ఎడమ చక్రం లోపలివైపు వంగి చూపించాడు. ఆక్సిల్ చివర అంతా గ్రీజు ముద్ద. దానిమీద గడ్డిపరకలు, దుమ్ము అంటుకుని అట్ట కట్టింది. అది ఒకటి రెండు రోజుల గ్రీజు కాదు, నెలలది. "కొట్టకపోతే ఇదెక్కడిది బాబూ?" అన్నాడు.

నాకు జవాబు లేదు. ఆయన కొట్టాడు. కొట్టిన గ్రీజు కళ్ళముందే ఉంది. మరి చక్రం ఎందుకు బిగిసింది?

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఆలోచిస్తుంటే నాకు 1995 సెప్టెంబరు 21 గుర్తొచ్చింది. వినాయకుడు పాలు తాగిన గురువారం. ఆ సంగతి మొదలైంది ఢిల్లీలోనే. మా వీధిలో కూడా గిన్నెల్లో పాలు పట్టుకుని జనం గుడి ముందు వరుస కట్టారు. మా పక్కింటావిడ నన్ను లాక్కెళ్ళి, "ఇప్పుడేమంటారు అన్నయ్యగారూ?" అంది. నా చేత్తోనే చెంచా పట్టించింది. తొండానికి ఆనించగానే చెంచాలో పాలు తగ్గాయి. నిజంగానే తగ్గాయి. అబద్ధం ఎవరూ చెప్పడం లేదు. కానీ అందరి కళ్ళూ చెంచా మీదే ఉన్నాయి. నేను కిందికి చూశాను. విగ్రహం పొట్టమీదుగా పలచటి పొరలా పాలు జారి పీఠం కిందకి పోతున్నాయి. తర్వాత ప్రభుత్వ శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలు పట్టి చూపించారు. పాల ఉపరితల తన్యత వల్ల చెంచా అంచునుంచి పాలు తడి రాయి మీదికి లాగబడతాయి, తర్వాత బరువుతో కిందికి జారతాయి. తెల్లపాలు తెల్లరాతి మీద కనిపించవు, రంగుపాలు కనిపిస్తాయి. అంతే తేడా.

చెంచా ఖాళీ కావడం అనేది దేవుడు తాగినా జరుగుతుంది, పాలు జారిపోయినా జరుగుతుంది. రెండిటికీ సరిపోయే సంగతి ఏ ఒక్కదానికీ సాక్ష్యం కాదు. ఈ మాట నేను పదమూడేళ్ళుగా సభల్లో చెబుతూనే ఉన్నాను. కానీ "గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టు" అని డ్రైవరుకి చెప్పింది నేనే. ఎక్కడినుంచి బయటికి? అది చెప్పలేదు.

ఆదివారం ఇద్దరం కూర్చుని విప్పాం. ఆయనకి ఒక చెయ్యే. పని నాది, చూపు ఆయనది.

గ్రీజు నిపిల్ చూడనివాళ్ళ కోసం చెబుతాను. మీ ఆటోల్లోనూ, లారీల్లోనూ, ట్రాక్టర్లలోనూ కీళ్ళ దగ్గర చిన్న చనుమొన లాంటి ఇనుప ముక్క ఉంటుంది. లోపల సన్నటి రంధ్రం, దాని మూతి దగ్గర ఒక బుల్లి గుండు, గుండు వెనకాల స్ప్రింగు. గ్రీజు గన్ను మూతి దీనిమీద బిగించి పిడి నొక్కితే ఒత్తిడికి గుండు వెనక్కి జరిగి గ్రీజు లోపలికి పోతుంది. ఆపగానే స్ప్రింగు గుండుని ముందుకి తోసి దారి మూసేస్తుంది. దుమ్ము లోపలికి రాదు, గ్రీజు వెనక్కి రాదు. అమెరికాలో దీన్ని జెర్క్ ఫిట్టింగు అంటారు. 1920లలో దీనికి పేటెంటు తీసుకున్న, ఆస్ట్రియాలో పుట్టిన ఆస్కార్ జెర్క్ పేరు అది. వందేళ్ళయినా పెద్దగా మారని వస్తువు.

ముందు అట్టకట్టిన గ్రీజంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాం. నిపిల్ చుట్టూ ఇనుము మెరిసేదాకా తుడిచాం. తర్వాత గన్ను బిగించి మెల్లగా ఒక్కసారి నొక్కాను. డ్రైవరు వంగి చూస్తున్నాడు.

"అదిగో బాబూ, వస్తంది" అన్నాడు.

వస్తోంది. కానీ రావాల్సిన చోటునుంచి కాదు. స్పిండిల్ కింది అంచునుంచి రావాలి. నిపిల్ మెడచుట్టూ, మరల సందులోంచి పసుపుపచ్చ తీగలా వస్తోంది. ఎడమ స్పిండిల్లోకి ఒక్క బొట్టు కూడా పోవడం లేదు. ఇంతకాలం ఆయన ప్రతి సోమవారం నిజాయితీగా కొట్టిన గ్రీజు అంతా ఇలాగే బయటికి వచ్చింది. ఆయన దాన్ని చూశాడు. లోపల నిండింది కాబోలు అనుకుని ఆపాడు.

నిపిల్‌ని వేళ్ళతో పట్టుకుంటే కదిలింది. పానా పెట్టకుండానే ఊడొచ్చింది. మరలకి తెల్లటి టేపు చుట్టి ఉంది. ఆ టేపు చూడగానే నా గుండె జారిపోయింది. ముందు సంవత్సరం ఇదే నిపిల్ రాయికి కొట్టుకుని విరిగిపోతే, వెళ్ళి కొత్తది కొన్నది నేనే. కొట్లో ఉన్నది ఆరు మిల్లీమీటర్లది. కాస్త వదులుగా ఉందంటే టేపు చుట్టి బిగించమన్నదీ నేనే.

లెక్క చూడండి. అమెరికా మిషను రంధ్రం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. అంగుళానికి 28 మరలు, అంటే మరకీ మరకీ మధ్య సుమారు 0.91 మిల్లీమీటర్లు. నేను కొన్నది 6 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం 1 మిల్లీమీటరు. చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు ఎక్కుతుంది. ఎక్కింది కాబట్టి సరిపోయింది అనుకుంటాం. కానీ పట్టు ఉండదు. గ్రీజు గన్ను ఒత్తిడి మామూలు ఒత్తిడి కాదు. చేతి గన్నే చదరపు అంగుళానికి వేల పౌనులు ఇస్తుంది. ఆ ఒత్తిడికి టేపు ఒక లెక్కా? గ్రీజుకి లోపలి దారికన్నా బయటి దారి సులువు. అటే పోయింది.

కుడివైపు నిపిల్ కూడా చూశాం. అది మిషనుతో వచ్చినదే, కానీ తల నొక్కుకుపోయింది. ఎండిన గ్రీజూ దుమ్మూ కలిసి గుండు కదలడం లేదు. దాన్ని కొట్టినప్పుడల్లా గ్రీజు గన్ను మూతి పక్కనుంచి తప్పించుకుంటోంది. కొన్నాళ్ళుంటే అదీ బిగిసేదే.

తర్వాతి శనివారం కశ్మీరీ గేట్ వెళ్ళి సరైన మరలవి నాలుగు కొన్నాను. ఒక్కోటి టీ ఖర్చు. నట్టుతో పోల్చి, మరల కొలతబద్ద పెట్టి చూసి మరీ కొన్నాను. పాతది పావు అంగుళానికి సరిపడే ట్యాపుతో మరలు సరిచేశాం. ట్యాపుకి ముందు గ్రీజు రాశాం, ఇనుప రజను దానికే అంటుకుని బయటికి వచ్చేస్తుందని. కొత్త నిపిల్ బిగించేముందు గన్ను పెట్టి గుండు తెరుచుకుంటోందో లేదో చేతిలోనే చూశాం. బిగించడం కూడా మరీ గట్టిగా కాదు. చిన్న మర, తెగితే ముక్క రంధ్రంలో ఉండిపోతుంది, తీయడం నరకం. ఎడమ స్పిండిల్ సర్‌క్లిప్పు తీసి కిందికి కొట్టి తీస్తే తుప్పు పొడి రాలింది. గరుకు కాగితంతో సాపుచేసి తిరిగి ఎక్కించాం. చివరికి జాకీతో ముందుభాగం లేపి, చక్రాల మీద బరువు లేకుండా చేసి కొట్టాం. బరువు ఉంటే ఒరుసుకునే వైపుకి గ్రీజు చేరదు. ముందు నల్లగా, ఇసకలా, తర్వాత గోధుమరంగులో, చివరికి శుభ్రమైన పసుపురంగులో కింది అంచు చుట్టూ గ్రీజు ఉబికింది. ఆయన ఎడమచేతి వేలితో తీసి చూసి, "ఇప్పుడు లోపలికెళ్ళొచ్చింది బాబూ" అన్నాడు.

లోపలికెళ్ళి వచ్చింది. నేను చెప్పాల్సిన మాట అదీ.

సోమవారం పై అధికారికి రెండో కాగితం ఇచ్చాను. డ్రైవరు గ్రీజు వేశాడని, పొరపాటు నిపిల్‌దని, ఆ నిపిల్ కొన్నది నేనని. ఆయన చదివి, "మొన్న ఒకటి రాస్తారు, ఇవాళ ఇంకోటి రాస్తారు. ఏది నమ్మాలి?" అన్నాడు. "మొన్నటిది విప్పకుండా రాసింది. ఇవాళ్టిది విప్పి రాసింది" అన్నాను. నాకు మెమో వచ్చింది. దానికి బాధపడలేదు. కాంట్రాక్టరు నవంబరులో, ప్లాస్టరు తీసేశాక, ఆయన్ని తిరిగి తీసుకున్నాడు. ఏడు వారాల కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నేను ఇస్తే సగమే తీసుకున్నాడు. "తప్పు సగం నాది గూడా బాబూ, ఎక్కడినుంచొస్తందో నాను చూడనేదు" అన్నాడు. ఆ లెక్క సరికాదు. చూడాల్సిన చోటు ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎంత చెప్పినా వినలేదు.

మైల గురించి ఆయన మనసులో ఏముందో నేను అడగలేదు. తిరిగొచ్చిన రోజు ట్రాక్టరు ముందు రెండు నిమ్మకాయలు కట్టాడు. వర్క్‌షాపువాళ్ళు నావైపు చూశారు, ఏమంటానా అని. నేనేమీ అనలేదు. అనే అర్హత ఆ వారానికి నాకు లేదనిపించింది. పైగా ఆయన నిమ్మకాయలు కట్టాక గుడ్డ తీసుకుని వెళ్ళి, రెండు నిపిళ్ళ చుట్టూ, స్పిండిళ్ళ కింది అంచులూ శుభ్రంగా తుడిచి, అప్పుడు గన్ను పట్టుకున్నాడు. తుడవకపోతే కొత్తది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు కదా. నాకన్నా ఆయనకే ఆ సంగతి ముందు వంటబట్టింది.

నేను చేసిన పనల్లా రిజిస్టరు మార్చడం. పాతదాంట్లో "గ్రీజు వేశారా?" అని ఒక గడి ఉండేది. దానికి టిక్కు పెడితే సరిపోయేది. ఆ గడి కొట్టేసి రెండు గడులు గీశాను. "తుడిచారా?" "కొత్త గ్రీజు కింది అంచునుంచి వచ్చిందా?" నేను 2011లో అక్కడినుంచి వచ్చేసేదాకా ఆ రెండు గడులూ ఉన్నాయి.

మీలో ఎవరి దగ్గరైనా ట్రాక్టరో, పాత ఆటోనో ఉంటే రేపే ఒకసారి తుడిచి కొట్టి చూడండి. గన్ను పనిచేస్తుండగా మూతి ముందు వేలు మాత్రం పెట్టకండి. ఆ ఒత్తిడికి గ్రీజు చర్మంలోంచి లోపలికి దూరుతుంది. సూదిగుచ్చినంత గాయమే అని వదిలేస్తే వేలు పోతుంది. అలాంటిది జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక ఆ కాలేజీ కుర్రాడికి. బాబూ, ఉన్నాడు. ఒకాయన ఉన్నాడు. మణికట్టు ఆయనదీ, ఏడు వారాల కూలి ఆయనదీ. ఈసారి సమావేశంలో నువ్వు అడగకపోయినా నేనే ముందు ఈ సంగతి చెప్పి, తర్వాతే నిమ్మకాయల గురించి మాట్లాడతాను.